ఏ కాలో అడగని కొట్టు

ఆ ఉదయం మామగారు నూట పన్నెండో నంబరు అచ్చుల జతని గోడవైపు తిప్పి పెట్టారు.

కుట్టుమిషను దగ్గర తోలు అంచు మడుస్తున్న కోడలు తలెత్తి చూసింది. ఎవరని అడగలేదు. ఆ అరల్లో పేర్లుండవు, నంబర్లే. ఒక్కో నంబరుకీ రెండేసి కొయ్య అచ్చులు, ఎవరి పాదాలకి వాళ్లవి. బతికున్నవాళ్ల అచ్చుల వేళ్లు కొట్టులోకి చూస్తుంటాయి. పోయినవాళ్లవి గోడని చూస్తుంటాయి.

“శుక్రవారం పోయారట. వాళ్లబ్బాయి ఇందాక దారిలో కనపడి చెప్పాడు,” అన్నారు మామగారు, అర మీద దుమ్ము అరచేత్తో తుడుస్తూ. “మొన్న ఇచ్చిన జత రెండుసార్లైనా తొడిగారో లేదో.”

ఈ ఏడాదిలో గోడవైపు తిరిగిన జతల్లో ఇది ఏడోది. కొత్తగా అర ఎక్కింది ఒక్కటే జత.

“ఈ ఆదివారం కాదు, పై ఆదివారం వస్తానన్నాడమ్మా మిషను కొనే ఆయన,” అన్నారు మామగారు మళ్లీ, ఆమె వంక చూడకుండా. “చేతిలో ఉన్న నాలుగు జతలూ అప్పటికి అయిపోవాలి.”

ఆమె సరేనంది. పాదం కింద మిషను పెడల్ చల్లగా తగిలింది. మిషను పోతే కొట్టు పోయినట్టే. ఆ తర్వాత ఆయన ఇంటి వరండాలో కుర్చీకి, తను బస్టాండు వెనక బ్యాగుల కంపెనీలో పట్టీలు కోసే బల్లకి. అక్కడ వందల పట్టీలు, అన్నీ ఒకే పొడవు.

ఆ కొట్టులో చేసేవి ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకి బూట్లు. పొట్టి కాలి బూటుకి, తేడా ఎంతుంటే అంత ఎత్తు, కొంత లోపల, కొంత అడుగున పెంచుతారు. పెంచినట్టు పైకి తెలియదు. ఊళ్లో ఆ పని చేసేవాళ్లు ఇంకెవరూ లేరు. కానీ ఆ మాట కొట్టులో ఎవరూ పలకరు. బోర్డు మీద ‘కొలతకు బూట్లు, చెప్పులు’ అని మాత్రమే ఉంటుంది. వచ్చిన మనిషిని ఏ కాలని అడగడం మామగారికి అసలు కిట్టదు. గుమ్మం నుంచి బల్ల దాకా తొమ్మిది అడుగులు. ఆ తొమ్మిది అడుగుల్లో ఏ కాలో, తేడా ఎంతో ఆయనకి తెలిసిపోతుంది. “కొంచెం ఎత్తు చూద్దామా?” అంటారు, అంతే. కోడలికి పని నేర్పిన మొదటిరోజు చెప్పిన మొదటి పాఠం కూడా అదే. “సూది పట్టడం తర్వాత నేర్చుకోవచ్చమ్మా. ముందు నోరు కట్టుకోవడం నేర్చుకో.”

పదకొండు గంటలప్పుడు ఒకావిడ స్కూలు బ్యాగు పట్టుకుని వచ్చింది. వెనక పన్నెండేళ్ల కూతురు. ఆవిడ ముంజేతుల మీద ఇస్త్రీపెట్టె కాల్చిన సన్నటి గీతలున్నాయి.

“బ్యాగు పట్టీ ఊడిందండీ. మా లాండ్రీ పక్క కొట్టాయన మీ దగ్గర తోలు కుట్టే మిషనుందన్నాడు. కుడతారా?”

కోడలు బ్యాగు అందుకుంది. మామగారు బ్యాగు వంక చూడలేదు. పాప నడిచి వస్తోంది. తొమ్మిది అడుగులూ అయ్యేసరికి ఆయన చేతిలోని ఆకురాయి బల్ల మీదికి చేరింది.

“తల్లీ, ఈ చెక్క మీద ఓసారి నిలబడతావా?”

బల్ల కింద నుంచి పలకల పెట్టె లాగారు. అగ్గిపుల్లంత మందం నుంచి ఇటుకంత మందం దాకా వరసగా పేర్చిన పలకలు, అంచులు చేతులు తగిలి తగిలి నల్లబడ్డాయి. ఒకటి తీసి పాప ఎడమ కాలి ముందు పెట్టారు. పాప అమ్మ వంక చూసి, బూట్లు విప్పి, ఎడమ పాదం దాని మీద పెట్టి నిలబడింది. ఆయన వెనక్కి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని, రెండు బొటనవేళ్లూ నడుముకి చెరోపక్కా ముట్టీ ముట్టనట్టు ఆనించి చూశారు. ఇంకో పలచటి చెక్క జరిపారు.

“ఇప్పుడు?”

పాప ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చి చూసింది. తర్వాత, “నేల సమంగా ఉంది,” అంది.

ఆ తల్లి చెయ్యి బల్ల అంచుని పట్టుకుంది. “మీరు... ఇది చేస్తారా? ఇలాంటి బూట్లు?”

“చేస్తామమ్మా.”

“ఎప్పట్నించి?”

“నలభై ఏళ్లయింది.”

“ఇక్కడేనా?”

“ఇక్కడే.”

ఆవిడ స్టూలు మీద కూర్చుండిపోయింది. పాప విప్పిన ఎడమ బూటు తీసి అందులోంచి ఒక ముద్దలాంటిది పైకి లాగింది. న్యూస్‌పేపరు మడతలు, మధ్యలో అట్టముక్క, చుట్టూ టేపు. చెమటకి తడిసి ఆరి ఆరి మడమ ఆకారానికి గట్టిపడిపోయింది.

మామగారు దాన్ని అరచేతిలో తిప్పి చూశారు. “ఎవరు కట్టారిది?”

“నేనేనండీ. వారానికోసారి మారుస్తాను.”

“బాగా కట్టారు,” అన్నారు. ఆయన ఇంకొకరి చేతిపనిని ఊరికే మెచ్చుకోరని కోడలికి తెలుసు.

“ఏం బాగులెండి. పోయిన నెల డాక్టరమ్మ ఎక్సురే తీయించింది. నడుం ఒకపక్కకి వంగడం మొదలుపెట్టిందట. ఎత్తు బూట్లు వేయించండి అంది. ఎక్కడ చేస్తారమ్మా అంటే ఆవిడకీ తెలీదు. రెండేళ్ల నించి వెతుకుతున్నానండీ. ఫోన్లో వెతకని రోజు లేదు. ఏవేవో దేశాల బూట్లు చూపిస్తుంది, పిల్ల కాలు చూడకుండా పంపిస్తారట.” ఆవిడ గొంతు తగ్గింది. “మేమెక్కడో ఉండమండీ. మూడో వీధే. ఆ లాండ్రీ వెనక.”

“మూడో వీధి,” అన్నారు మామగారు. కొలత కాగితం పరిచి, పాప పాదం దాని మీద పెట్టించి, పెన్సిలు నిలువుగా పట్టుకుని చుట్టూ గీయడం మొదలుపెట్టారు. ఆ చెయ్యి ఎప్పుడూ ఒక్క ఊపులో గీస్తుంది. ఇవాళ మడమ దగ్గర ఆగింది.

కోడలు బ్యాగు పట్టీ కుట్టి దారం తెంపింది. నోరు కట్టుకోవాల్సిన చోట అడిగేసింది. “ఫోన్లో ఏమని వెతికారండీ మీరు?”

ఆవిడ సిగ్గుపడుతూనే ఫోన్ తీసి చూపించింది. వెతికిన మాటలన్నీ వరసగా ఉన్నాయి. ఒక కాలు పొట్టి పిల్లలకి బూట్లు. ఒక బూటు ఎత్తు ఎక్కడ చేస్తారు. కాలు పొట్టయితే నడుం వంగుతుందా. బూటులో అట్ట పెడితే మంచిదేనా. ఎత్తు బూటు వేస్తే స్కూల్లో తెలుస్తుందా. ఇంట్లో వేసుకునే చెప్పులకి కూడా ఎత్తు పెడతారా. పిల్ల పెరిగితే మళ్లీ మళ్లీ మార్చాలా. కోడలు కత్తిరించగా మిగిలిన కాగితం వెనక ఒక్కొక్కటే రాసుకుంది. ఒక దగ్గర ఆవిడ బొటనవేలు గబుక్కున ఆ వరసని పైకి తోసేసింది. తోసేలోపే కోడలికి కనిపించింది. తల్లి తప్పు వల్ల పిల్ల కాలు పొట్టవుతుందా.

అది మాత్రం ఆమె రాసుకోలేదు.

*

కొట్టుకి వెబ్‌సైటు లేకపోలేదు. పోయిన ఏడాది ఆమె భర్తే చేయించాడు. బస్సుల డిపోలో మెకానిక్కు అతను. అక్కడికి వచ్చిపోయే ఒకాయన ఊళ్లో కొట్లన్నిటికీ సైట్లు పెడుతున్నాడంటే తండ్రికి చెప్పి ఒప్పించాడు. పెట్టిన వారం అందరూ తెరిచి చూశారు. ఆ తర్వాత మళ్లీ ఎవరూ తెరవలేదు. అది పని చేస్తూనే ఉంటుందనుకున్నారు, నీళ్ల ట్యాంకులాగా.

మర్నాడు పొద్దున పప్పు పొయ్యి మీద పెట్టి కోడలు దాన్ని తెరిచింది. మొదటి బొమ్మ రావడానికి ఎంతసేపు పట్టిందంటే, ఆమె వెళ్లి మంట తగ్గించి వచ్చినా ఇంకా సగమే వచ్చింది. నల్లటి నిగనిగలాడే మగవాళ్ల బూటు. వాళ్లు కుట్టింది కాదు. ఆ మడమ చూస్తేనే తెలుస్తోంది, మిషను మీద ముద్దగా అతికించింది. కింద నాలుగు వాక్యాలు. నాణ్యతే మా ఊపిరి. మీ సంతృప్తే మా లక్ష్యం. అనుభవజ్ఞులైన నిపుణులచే అత్యుత్తమ సేవలు. ఒక్కసారి విచ్చేయండి.

ఆమె ఆ నాలుగూ రెండుసార్లు చదివింది. అందులో బూటు అన్న మాటే లేదు. కొట్టు ఎక్కడుందో, ఫోన్ నంబరేమిటో మాత్రం ఉన్నాయి, బొమ్మలో కలిపి అచ్చువేసి.

తర్వాత ఆ తల్లి వెతికిన మాటల్లో మొదటిది కొట్టి చూసింది. ఒక పేజీ, రెండు, నాలుగు. తొమ్మిదో పేజీలో ఆగింది, పప్పు అడుగంటిన వాసన వస్తే.

సైటాయన ఆఫీసు రెండో అంతస్తులో, జిరాక్సు షాపు పైన. నలభై ఏళ్లుంటాయి, చొక్కా జేబులో రెండు పెన్నులు. ఆమెని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, సైటు తెరిచి, తనే తల గోక్కున్నాడు.

“ఇది మా మామూలు మోడలు మేడమ్. ఊళ్లో నలభై కొట్లకి ఇదే పెట్టాం.”

“ఈ మాటలు కూడానా?”

“మాటలు కూడా. అద్దాల కొట్టు, తాళాల కొట్టు, అన్నిటికీ. పేరూ బొమ్మా మారుస్తాం.” దాచడానికి ప్రయత్నించలేదు. “చూడండి మేడమ్, సెర్చ్‌కి కళ్లుండవు. మాటలే. జనం ఏం అడిగారో, మీ దగ్గర ఆ మాట ఉందో లేదో చూస్తుంది. నలభై చోట్ల ఒకే మాటలుంటే అన్నిటినీ కలిపి ఓ మూలకి నెడుతుంది. బొమ్మలో రాసిన అక్షరాలని నమ్ముకోలేం. బొమ్మ బరువైతే జనం ఆగరు, వెళ్లిపోతారు. అది కూడా కనిపెడుతుంది. పైగా మీ కొట్టు గురించి బయట ఒక్కళ్లయినా ఒక్క మంచి ముక్క రాశారా? నలభై ఏళ్ల కొట్టు అంటున్నారు.”

ఆమె మంచినీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఎవరు రాస్తారు? పేరు పెట్టి, ఫోటో పెట్టి, నా కాలు పొట్టి, వీళ్లు బూట్లు బాగా చేశారని ఎవరు రాస్తారు? బూటు ఎంత బాగా కుదిరితే ఆ మనిషి అంత మౌనంగా ఉంటాడు.

“ఇదంతా అప్పుడు చెప్పలేదేమండీ?”

“నేనూ అడిగాను మేడమ్.” ఆయన కొంచెం నొచ్చుకున్నాడు. “మీ మామగారిని స్వయంగా అడిగాను. ‘మీ దగ్గర ప్రత్యేకం ఏమిటి సార్?’ అని. ‘బూట్లు కుడతాం’ అన్నారు. ఎలాంటి బూట్లు సార్ అంటే ‘కాళ్లకి తొడుక్కునేవి’ అన్నారు. ఇంక నేనేం రాయను?”

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వలేదు. సైటు మార్చడానికి కావలసిన పాస్‌వర్డు రాయించుకుంది. ఏది నొక్కితే మాటలు మారతాయో, బొమ్మ బరువెలా తగ్గించాలో ఆయన ఓపిగ్గానే చూపించాడు. మెట్ల దాకా వచ్చి, “ఇంతకీ ఎలాంటి బూట్లు మేడమ్ మీవి?” అన్నాడు.

ఆమె నోరు తెరిచింది. కొట్టులో తొమ్మిదేళ్ల అలవాటు అడ్డొచ్చింది. “కొలతకి చేసేవి,” అనేసి దిగిపోయింది. రోడ్డు మీదికి వచ్చాక తన మీద తనకే ఒళ్లు మండింది.

*

“నలభై కాళ్లకి ఒకే అచ్చా!” అన్నారు మామగారు ఆ సాయంత్రం. టీ గ్లాసు పట్టుకుని కొట్టు గుమ్మంలో కూర్చున్నారు. “వాడసలు మనిషేనా?”

“ఆయన తప్పేముంది నాన్నా,” అన్నాడు ఆమె భర్త. డిపో నుంచి అటే వచ్చాడు, గోళ్లలో గ్రీజు. “నువ్వు చెప్పిందే రాశాడు. కాళ్లకి తొడుక్కునేవి. నయం, చేతులకి అని రాయలేదు.”

“నువ్వూరుకోరా.”

కోడలు కాగితం ఆయన ముందు పెట్టింది. “మామయ్యా, ఆవిడ వెతికినవి ఇవి. ఇవే మాటలు మన సైట్లో ఉండాలి. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకి బూట్లు చేస్తాం అని ముందు రాయాలి. కింద ఈ ప్రశ్నలన్నిటికీ మీరు జవాబులు చెప్పాలి. నేను రాస్తాను.”

ఆయన కాగితం ముట్టుకోలేదు. ఆమె ఆ మాట పలకగానే గ్లాసు కింద పెట్టేశారు.

“ఆ మాట గుమ్మానికి కడితే ఈ గుమ్మం తొక్కేదెవరమ్మా? ఇక్కడికొచ్చేవాళ్లు వీధంతా చూసుకుని, పక్క కొట్టువాడు లోపలికి పోయాక వస్తారు. ఎందుకొస్తారు? ఇక్కడ వాళ్లని ఎవరూ ఏమీ అనరని. అంతా మామూలు బూట్ల కోసం వచ్చినట్టే కూర్చుని వెళ్తారని. ఆ కాస్త మర్యాద కూడా తీసి ఫోన్లో పెడతానంటావా?”

“ఫోన్లో కనపడకపోతే ఈ గుమ్మం దాకా ఎలా వస్తారు మామయ్యా?”

“ఇన్నాళ్లూ ఎలా వచ్చారు?”

“ఒకళ్లకొకళ్లు చెప్పుకుని వచ్చారు. ఆ చెప్పేవాళ్లు...” ఆమె అరల వైపు చూసి ఆగిపోయింది. చెప్పేవాళ్లు గోడకేసి తిరిగిపోయారు.

ఆయనకి అర్థమైంది. లేచి, టీ చివరి గుక్క వీధిలోకి విసిరి, లోపలికి వెళ్లారు. పాప బూటు కోసం కోసిన కార్కు పొరలకి జిగురు రాయడం మొదలుపెట్టారు. ఒక పొర, దాని మీద ఇంకో పొర, మధ్యలో గాలి మిగలకుండా బొటనవేలితో అదుముతూ.

“పొయ్యే కొట్టుకి ఈ పాట్లెందుకులే,” అన్నాడు భర్త ఆమెతో, నెమ్మదిగా. “మనసు కష్టపెట్టకు.”

“కొట్టు సంగతి కాదండీ. రెండేళ్లు కాగితాలు పెట్టుకుని నడిచిందా పిల్ల. మనకి మూడు వీధుల అవతలే.”

జిగురు పూసే కుంచె చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ మొదలైంది.

*

శనివారం మధ్యాహ్నం పాప కొలత చూసుకోవడానికి వచ్చింది. తల్లికి లాండ్రీలో సెలవు దొరకలేదు. గుమ్మం దాకా దిగబెట్టి పరిగెత్తింది.

బూటు ఇంకా సగమే. అడుగున కార్కు కనిపిస్తోంది, పై తోలు మేకులతో తాత్కాలికంగా పట్టి ఉంది. అర మీద కొత్త జత అచ్చులు, రెండువందల ఏడు, వేళ్లు బయటికి. పాప వాటిని చూసి, “ఇవి నావేనా?” అని అడిగి, ముట్టుకుని, సంతోషించింది. “నా కాళ్లకంటే బాగున్నాయి.”

మామగారు బూటు తొడిగించారు. “నడువు తల్లీ.”

పాప గుమ్మం దాకా వెళ్లి వచ్చింది. ఆయన సుద్దముక్కతో మడమ మీద గీత పెట్టి, బూటు విప్పించి, ఆకురాయితో ఆ గీత దాకా అరగదీశారు. కార్కు పొడి ఆయన పంచె మీద సన్నగా రాలింది. మళ్లీ తొడిగించారు. మళ్లీ తొమ్మిది అడుగులు, మళ్లీ గీత. నాలుగోసారి పాప స్టూలు మీద కూర్చుని కాళ్లూపుతూ, “తాతా, మీరు ఏ కాలో అడగలేదేం నన్ను?” అంది.

“చూస్తే తెలుస్తుంది కదమ్మా.”

“చూడ్డం అందరూ చూస్తారు. బస్సులో కూడా చూస్తారు. ఎవరూ అడగరు.” పాప గొంతులో ఫిర్యాదు లేదు. “ఎడమ కాలు. రెండున్నర సెంటీమీటర్లు. మా క్లాసులో ఒక్క పిల్లే అడిగింది. చెప్పేశా. ఇప్పుడు అది నా ఫ్రెండు.”

ఆకురాయి ఆయన చేతిలోనే ఉంది. మిషను మీద వంగిన కోడలు తల ఎత్తలేదు, కానీ చక్రం మీద చెయ్యి వేసి ఆపింది.

“అడిగితే బాధగా ఉండదా?” అన్నారు మామగారు. పన్నెండేళ్ల పిల్లని అడిగినట్టు లేదు. ఎవరినో పెద్దవాళ్లని అడిగినట్టుంది.

పాప ఆలోచించింది. “ఎలా అడుగుతారో అలా ఉంటుంది. మీరైతే ఏం కాదు.”

పాప వెళ్లేటప్పుడు పాత బూట్లు తొడుక్కోబోయి, లోపలి ముద్ద కోసం వెతికింది. అది బల్ల మీద ఉంది. “ఇది ఇచ్చేయండి తాతా, వచ్చే శనివారం దాకా కావాలిగా.”

“అది నాకుండనీ,” అన్నారాయన. పలకల పెట్టెలోంచి సరిపోయిన మందం చెక్క తీసి, మడమ ఆకారంలో కోసి, అంచులు నునుపు చేసి, పైన మెత్తటి తోలు అతికించి పాత బూటులో పెట్టి ఇచ్చారు. నలభై ఏళ్ల కొలత పలక అది.

పాప వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డారు. తర్వాత వచ్చి ఆ కాగితం ముద్దని రెండువందల ఏడో నంబరు పక్కన పెట్టారు. కళ్లజోడు తుడుచుకున్నారు.

“ఆ కాగితం ఎక్కడుందమ్మా?”

ఆమె తీసింది. ఆయన చదివారు. పెదాలు కదిలాయి కానీ మాట బయటికి రాలేదు. చదివి, ఆమెకి తిరిగిచ్చి, ఆమె వైపు వీపు పెట్టి కూర్చున్నారు, ఎదురుగా ఆరె, సుత్తి, ఆకురాళ్లు వేలాడే గోడ.

“రాసుకో,” అన్నారు గోడతో. “ఒక కాలు... ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకి ఇక్కడ బూట్లు చేస్తాం.”

ఆ తర్వాత మాటలు ఆగలేదు. ఎంత తేడా అయితే లోపలే సర్దవచ్చు, ఎప్పుడు అడుగు పెంచాలి, అట్ట పెడితే వారంలో ఎందుకు అణిగిపోతుంది. పిల్లలకి ఏడాదికి రెండుసార్లు కొలత ఎందుకు మార్చాలి. ఇంట్లో వేసుకునే చెప్పులకి కూడా పెడతాం, పెట్టాలి, ఇంట్లోనే కదా ఎక్కువ నడిచేది. తొమ్మిది సెంటీమీటర్లు దాటితే మా వల్ల కాదు, పెద్దాసుపత్రికి వెళ్లండి. డాక్టరు కాగితం ఉంటే తెండి, లేకపోతే ముందు డాక్టరుకి చూపించండి.

“మా వల్ల కాదని కూడా రాయాలా మామయ్యా?”

“కానిది చెప్పకపోతే అయ్యేదాన్ని ఎవరు నమ్ముతారు?”

ఆమె రాసింది రాసినట్టే సైట్లో పెట్టింది. నాణ్యత ఊపిరిని తీసేసింది. నల్ల బూటుని తీసేసి, పలకల పెట్టె ఫోటో, వేళ్లు బయటికి ఉన్న అచ్చుల అర ఫోటో, కార్కు పొరల సగం బూటు ఫోటో పెట్టింది, బరువు తగ్గించి. వీధి పేరు, పక్కన ఏముందో, ఎటునుంచి రావాలో, ఫోన్ నంబరు, అన్నీ అక్షరాల్లో. అన్నీ అయ్యాక చివర్న ఇంకో ప్రశ్న తనంతట తనే చేర్చింది. తల్లి తప్పు వల్ల పిల్ల కాలు పొట్టవుతుందా? దాని కింద జవాబు ఒక్క మాటే. కాదు.

*

ఏమీ జరగలేదు.

సోమవారం లేదు. మంగళవారం లేదు. కూరలు తరుగుతూ, నీళ్లు పడుతూ ఆమె ఆ తల్లి మాటల్ని ఒక్కొక్కటే కొట్టి చూసేది. గురువారం ఆరో పేజీ అడుగున, ఎవరిదో మంచాల కొట్టుకీ ఒక గుర్రపు నాడాల బొమ్మకీ మధ్యన, పలకల పెట్టె కనిపించింది. ఎవరికీ చెప్పలేదు. ఆరో పేజీ దాకా ఎవరొస్తారు? రెండేళ్లు వెతికిన తల్లి అయితే వస్తుందేమో.

శనివారం పాప బూట్లు తొడుక్కుని వెళ్లింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తల్లి మాత్రం వెనకనుంచి పిల్ల భుజాలు చూస్తూ నడిచింది. నడుం సర్దుకుంటుందో లేదో ఆరు నెలలకి గాని చెప్పలేమన్నదట డాక్టరమ్మ. “ముందే వేసి ఉంటే,” అని మొదలుపెట్టి ఆవిడ మిగతాది మింగేసింది. మామగారు విన్నారు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం సగంలో వదిలేశారు.

ఆదివారం పొద్దున మిషను కొనే ఆయన వచ్చాడు. వెంట తాడు, గోనెపట్టా. లావుపాటి మనిషి, మాట మాత్రం మెత్తన. మిషను చుట్టూ తిరిగి, చక్రం చేత్తో తిప్పి, చెవి ఆనించి విన్నాడు. “గొంతు బాగుంది పెద్దాయనా. బాగా చూసుకున్నారు.”

“కోడలు చూసుకుంది,” అన్నారు మామగారు.

కోడలు దారం కండెలు, సూదుల డబ్బా ఒక సంచిలో సర్దుతోంది. మిషనుతో పాటు ఇవ్వాల్సినవి. సూదులు పదహారు నంబరువి ఒకచోట, పద్దెనిమిదివి ఒకచోట. సర్దిన వాటినే మళ్లీ సర్దింది. ఆమె భర్త కాలివైపు నట్లు విప్పడానికి పానా పట్టుకుని కింద కూర్చున్నాడు. మొదటి నట్టు తుప్పుకి కదలలేదు. “నూనె వేయాలి,” అన్నాడు, తొందరేమీ లేనట్టు.

ఫోన్ మోగింది. బల్ల మీద కొట్టు ఫోన్. ఎప్పుడూ కోడలే తీస్తుంది. మామగారు ఫోన్‌లో మాట్లాడరు, నడక కనపడదని. ఆమె చేతుల్లో సూదులున్నాయి. రెండు, మూడు, నాలుగుసార్లు మోగింది. ఆయనే తీశారు.

“చెప్పండి.”

అవతల చాలాసేపు ఏమీ లేనట్టుంది. ఆయన కూడా ఏమీ అనలేదు. మౌనాన్ని ఎలా కూర్చోబెట్టాలో ఆయనకి తెలుసు. తర్వాత అవతలి గొంతు వినిపించింది, మగగొంతో ఆడగొంతో ఇటు తెలియనంత సన్నగా.

“పెడతాం,” అన్నారు మామగారు. “ఇంట్లో వేసుకునే చెప్పులకి కూడా పెడతాం.”

కోడలి చేతిలో సూదుల డబ్బా మూత పడలేదు. అలాగే ఉండిపోయింది.

మళ్లీ అవతల మౌనం. మామగారి కళ్లు అలవాటుగా గుమ్మం వైపు వెళ్లాయి, నడిచి వచ్చే మనిషి కోసం. గుమ్మం ఖాళీగా ఉంది. అక్కడి నుంచి బల్ల దాకా ఆ తొమ్మిది అడుగుల నేలా ఖాళీగా ఉంది. ఆయన ఓసారి గొంతు సవరించుకున్నారు. ఇంకోసారి సవరించుకున్నారు.

“ఏ కాలండీ?” అన్నారు.

అవతలి మనిషి మాట్లాడడం మొదలుపెట్టారు. ఈసారి ఆగలేదు. మామగారు నిలబడే వింటున్నారు, మధ్యమధ్య ఊ కొడుతూ. ఎడమ చేత్తో బల్ల మీద వెతుక్కున్నారు. కోడలు లేచి పెన్సిలూ కొలతల పుస్తకమూ ఆయన ముందుకి జరిపింది. ఆయన కొత్త పేజీ తిప్పి రెండువందల ఎనిమిది అని వేశారు. దాని పక్కన, ఆ పుస్తకంలో ఇంతవరకూ అంకెలు తప్ప ఏమీ లేని చోట, ‘కుడి’ అని రాశారు.

మిషను కొనే ఆయన అందరి మొహాలూ చూశాడు. చక్రం మీంచి చెయ్యి తీసి, గోనెపట్టాకి తుడుచుకుని, కిందపడి ఉన్న తాడుని మోచేతికీ అరచేతికీ మధ్య చుట్టుకోసాగాడు.